మలుపులో ఆగని లారీ

యుద్ధం ముగిశాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత లారీ మాది. మాది అంటే సేటుది. దాన్ని నడుపుకుని బతికినవాళ్లం మేము. ముందు మా అన్న, తర్వాత నేను. కరీంనగర్‌లో బియ్యం బస్తాలు ఎత్తుకుని, వెనుక బస్తాలతోనే నిండిన ట్రైలర్ ఒకటి తగిలించుకుని, నిర్మల్ దాటి ఘాట్ ఎక్కి ఇచ్చోడకు, బోథ్‌కు చేరవేసేవాళ్లం. ఆ లారీని తయారుచేసినవాడు ఇంత బరువు దాని తోకకు కడతారని కలలో కూడా అనుకుని ఉండడు. సేటు మాత్రం "గుంజుతది తియ్" అనేవాడు. గద్దె మీద కూర్చున్నవాడికి ఏ బండైనా గుంజుతుంది.

ఘాట్ పొడుగునా మొదటి గేరులోనే ఎక్కాలి. సగం దూరం పోయేసరికి గేర్‌బాక్స్ సలసల కాగేది. లోపలి నూనె నీళ్లలా పలచబడి గేరు తనంతట తానే జారిపోయేది. అందుకని రోడ్డు కాస్త వెడల్పయ్యే ఒక మలుపు దగ్గర ఆపి, గేర్‌బాక్స్ మీద తడి గోనెసంచులు కప్పి చల్లార్చుకునేవాళ్లం. ఆపగానే ఒక మనిషి దిగి ట్రైలర్ చక్రం వెనుక రాయి పెట్టి "రాయి పెట్టిన!" అని కేక వేయాలి. మళ్లీ బయలుదేరేటప్పుడు డ్రైవర్ "రాయి తీసి ఎక్కు!" అని బదులు కేక వేయాలి. ఆ మాట చెవిన పడేదాకా కింది మనిషి రాయి దగ్గర నుంచి కదలకూడదు. ఘాట్ మీద తిరిగే లారీల వాళ్లందరికీ అదే కట్టుబాటు.

మా అన్న ఆ మలుపులోనే పోయాడు. ఆ రోజు నేను లేను. సేటు పంపిన కొత్త డ్రైవర్‌కు ఘాట్ నేర్పడానికి లారీ అతని చేతికిచ్చి, అన్న దిగి రాయి పెట్టి కేక వేశాడు. బదులు కేక ఇంకా రాలేదు. ఈలోపే గేరు జారింది, బ్రేకు పట్టలేదు, ట్రైలర్ రాయిని ఎక్కి వెనక్కి దొర్లింది. అన్న పక్కకు దూకితే బతికేవాడు. ఎక్కమన్న మాట రాలేదని అక్కడే ఉన్నాడు.

ఆ తర్వాత లారీ నా చేతికి వచ్చింది. వదినకు, ఆమె ఇద్దరు పిల్లలకు, మా అవ్వకు అదే తిండి పెట్టాలి. మొదటిసారి నేను ఆ మలుపులో ఆపింది పట్టపగలు. ఎప్పుడూ గోల చేసే కొండముచ్చులు చెట్ల మీద కిక్కురుమనకుండా కూర్చున్నాయి. నా పక్కనున్న మనిషి ఇంకా తలుపు కూడా తీయలేదు. వెనుక నుంచి "రాయి పెట్టినా!" అని కేక వినబడింది. అన్న గొంతే. చివర అలా సాగదీయడం ఆయన అలవాటు.

"నేను దిగనే లేదు గదనే," అన్నాడు పక్క మనిషి.

ఇద్దరం దిగి వెనక్కి వెళ్లి చూశాం. చక్రం వెనుక రాయి ఉంది. ముందు వెళ్లిన లారీ వాళ్లు వదిలేసిందే అయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. కానీ దానికి అంటుకున్న మట్టి ఇంకా తడిగానే ఉంది. బదులు కేక వేయకుండానే రాయి లాగేసి బయలుదేరాం. ఊరు చేరగానే ఆ పక్క మనిషి పని మానేశాడు. ఇంకొకరిని పెట్టుకుంటే అతనూ అంతే.

సంగతి చొప్పదండి దగ్గర మా ఊరిదాకా పాకింది. వదిన నన్ను కూర్చోబెట్టి గట్టిగా చెప్పింది.

"ఇగ నువ్వు గా మలుపుల ఆగద్దు. ఆగితె నిన్ను గూడ తోల్కపోతడు."

"ఆగకుంటె గేరు జారుతది వదినా."

"జారకుంట ఏమన్న చెయ్యి. లేకుంటె లారీ ఇడిశిపెట్టు. కూలో కైకిలో జేస్కొని బతుకుదం. నువ్వు గూడ పోతె ఈ ఇంట్ల మొగదిక్కు ఎవ్వలున్నరు?"

కరీంనగర్‌లో మా లారీ బాగుచేసే మేస్త్రీని అడిగాను. ఆయన కిందికి దూరి చాలాసేపు చూసి, "ఫికర్ జెయ్యకు భాయ్, గేర్‌బాక్సుకు గూడ నీళ్లు తాపిద్దాం," అన్నాడు. గేర్‌బాక్స్ చుట్టూ రాగి గొట్టం చుట్టి, దాన్ని పాత జీపు రేడియేటర్‌కు కలిపి, నీళ్లు తిరగడానికి చిన్న పంపు పెట్టాలన్నాడు. దానికి డబ్బు సేటును అడిగితే నవ్వాడు. వదిన కాపురానికి తెచ్చుకున్న రాగి బిందె తెచ్చి నా ముందు పెట్టింది. దాన్ని మార్చి గొట్టం తెచ్చాం.

కొత్త ఏర్పాటుతో ఒక్కడినే ఘాట్ ఎక్కిన రోజు అంతా సవ్యంగానే జరిగింది. ఎప్పుడూ గుడ్డ చుట్టుకుని పట్టుకునే గేరు రాడ్డు ఆ రోజు చేతికి చల్లగా తగిలింది. నిజం చెప్పాలంటే ఆ చల్లదనం నాకు నచ్చలేదు. మలుపు వచ్చింది. ఆపలేదు. దాటేశాను. గండం గడిచిందని ఊపిరి పీల్చుకునేలోపు వెనుక నుంచి "రాయి పెట్టినా!" అని కేక. కొంత దూరం పోయాక మళ్లీ కేక. మూడోసారి అది కేకలా లేదు, అడుగుతున్నట్టు ఉంది. నేను వెనక్కి తిరగలేదు.

ఇంటికి రాగానే వదిన "ఆగలేదు గద?" అంది. ఆగలేదన్నాను. ఆమె మొహం తేటపడింది. అక్కడితో ఊరుకోవాల్సింది. కేకల సంగతి కూడా చెప్పాను.

"గట్లయితె గాయన ఇంక గా రాయి కాడనే ఉన్నడా?" అంది వదిన. "ఎక్కుమని ఎవ్వలు అనలేదా ఇప్పటిదాంక?"

నాకు కోపం వచ్చింది. "ఆగద్దన్నది నువ్వే గద వదినా!"

"అవ్, నేనే అన్న. నీ పానం కోసం అన్న. ఇప్పుడు నేనే వస్త. నన్ను తోల్కపో."

తర్వాతి లోడుకు ఆమె లారీ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. మాతో మూడో మనిషి లేడు. రాయి పెట్టే దిక్కు లేకుండా అంత బరువుతో ఆ ఎత్తులో ఆపడం చావును పిలవడమే. గేర్‌బాక్స్ చల్లగానే ఉంది, ఆగాల్సిన పనే లేదు. అయినా ఆపాను. బ్రేకు నేలకంటా తొక్కిపెట్టాను. లారీ వెనక్కి జరిగింది, దేనికో ఆనినట్టు ఆగింది.

"రాయి పెట్టినా!"

వదిన విన్నది. పెద్దల ముందు ఎన్నడూ గొంతు ఎత్తి ఎరగని మనిషి, కిటికీలోంచి తల బయటపెట్టి, కొండ మారుమోగేలా అరిచింది.

"రాయి తీసి ఎక్కు!"

వెనుక రాయి దొర్లిన చప్పుడైంది. లారీ మాత్రం జారలేదు. వదిన తలుపు తెరిచింది. కొంగు సర్దుకుని, నా వైపు బాగా జరిగి కూర్చుంది. ఒక మనిషి ఎక్కి కూర్చునేంతసేపు ఆగి, ఖాళీ సీటు మీదుగా చెయ్యి చాచి తలుపు మూసి, "పోదాం," అంది.

ఆమె మోకాలు గేరు రాడ్డుకు అడ్డం వస్తోంది. "జర అటు జరుగు వదినా" అనబోయి, ఆమె అవతల ఉన్న చోటు చూసి నోరు మూసుకున్నాను. ఇచ్చోడ దాకా ముగ్గురం అలా ఇరుకుగానే వెళ్లాం.