చెరువులో ఐదు రోజులు

థర్జా హీత్‌కోట్ పక్క లోయ నుంచి మా ఊరికి కోడలిగా వచ్చింది. నలభై ఏళ్లు ఎదురింట్లో ఉన్నా ఆమెను మేము పక్క లోయ మనిషనే అన్నాం. యేసు ఆరోహణ పండుగకు ముందు మూడు రోజులు మాత్రం అనేవాళ్లం కాదు. బావి దగ్గర నిలబెట్టే పూల పటంలో పూరేకులతో ముఖం అద్దడం ఆమె ఒక్కదానికే వచ్చు. కింది నుంచి పైకి, రేకు మీద రేకు, ఇంటి పెంకుల్లా పేర్చేది. వాన పడితే నీరు జారిపోవాలి.

పటానికి చెక్క పలకల పని భర్త ఆంబ్రోస్‌ది. చెరువులో ముంచేవాడు, తీసేవాడు, ఆమె రేకులు అద్దడానికి ఉప్పు వేసి తొక్కిన బంకమట్టి వాటి మీద పరిచేవాడు. ఎన్నాళ్లు ముంచాలో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. ఫిబ్రవరిలో పోయాడు.

ఒకప్పుడు ఐదు బావులకు పటాలు పెట్టేవాళ్లం. మిగిలింది మా వీధి బావి. ఈసారి పటం ఆదివారం దాకా నిలవకపోతే ఇక మానేద్దామని చర్చి సంఘం తీర్మానించింది. థర్జా పలకలు తనే ముంచింది. రెండో రోజుకే తీయించింది. ఆమె మరిది క్లెమ్, నేను మోశాం. తేలిగ్గా ఉన్నాయనిపించింది. నేను నోరు విప్పలేదు.

బావి దగ్గర యేసు నీళ్లడిగిన సమరయ స్త్రీ ముఖాన్ని బుధవారం సాయంత్రానికి పూర్తి చేసింది. గురువారం, పండుగ రోజున, పాస్టరుగారు వచ్చి బావిని దీవించారు.

శుక్రవారం మధ్యాహ్నం నుదుటి నుంచి గడ్డం దాకా సన్నని బీట కనిపించింది. ఆరిన చెక్క మట్టిలోని తడిని తాగేస్తోంది. థర్జా బావి నుంచి కూజాలతో నీళ్లు తెచ్చి చల్లింది. ఆమె పేర్చిన రేకులు ఒక్క చుక్కనీ లోపలికి పోనివ్వలేదు.

శనివారం పొద్దున ముఖం ఊడి కింద పడింది.

క్లెమ్ వచ్చి చూశాడు. "ఎన్నాళ్లు నానబెట్టావు వదినా?"

"రెండు రోజులు."

"అన్న ఐదు రోజులు ఉంచేవాడు."

"తెలిసినవాడివి, మోసేటప్పుడు చెప్పలేదేం?"

క్లెమ్ టోపీ తీసి చేతిలో తిప్పాడు. "మీ లోయలో రెండు రోజులే ఏమో అనుకున్నా."

ఆమె వంగి రేకులు ఏరుకుంది.

సంఘం అన్నట్టే పటాలు ఆగిపోయాయి. పటం విప్పాక థర్జా పలకలు అడిగి తీసుకుంది. సోమవారం ఆమె, నేను కలిసి చెరువులో ముంచాం. శనివారం తీశాం. గట్టు ఎక్కించడానికి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.

"ఇదన్నమాట బరువు," అంది.

ఎక్కడ పెట్టమంటావని అడిగాను. ఆమె బావి వైపు చూసింది, తర్వాత ఇంటి వైపు. గట్టు మీదే వదిలి వచ్చాం. వారంలో ఆరిపోయాయి.