నూనె డబ్బా

లేత్ మెషిన్ ముందుకు రాగానే ఆమె వేలి ఉంగరం తీసి సంచిలో దాస్తుంది, జుట్టు గుడ్డలో బిగించి కడుతుంది. నలభై దాటాక పాలిటెక్నిక్ కాలేజీవాళ్లు ఆమెను ఈ వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా పెట్టారు. ‘ఈ వయసులో ఓనమాలా వదినా?’ అని మరిది నవ్వితే తనూ నవ్వేసింది. మేస్త్రి మాత్రం మొదటిరోజే ‘చెల్లెమ్మా’ అన్నాడు. తోబుట్టువులు లేని మనిషి, ఆ పిలుపుకే కరిగిపోయింది. ఇనుప కడ్డీని బిగించడం, తిప్పడం, కొలవడం అన్నీ ఆయన ఓపిగ్గా చూపించాడు. కడ్డీని చెక్కే టూల్‌ని సానపట్టే వేళకు మాత్రం, ‘చెల్లెమ్మా, ఆ నూనె డబ్బా పట్టుకురా’ అనేవాడు. డబ్బా షెడ్డుకి ఆ చివరన ఉండేది. ఆమె పరుగున తెచ్చేసరికి టూల్ తళతళలాడుతూ ఉండేది. ‘మా అన్న చేతిలో ఏదో మహత్తుంది’ అని ఇంట్లో చెప్పి మురిసిపోయేది.

కాలేజీలో పరీక్షనాడు కడ్డీని తొణక్కుండా బిగించింది, కొలతలు సరిచూసుకుంది. ‘ఇక టూల్ సానపట్టమ్మా’ అన్నాడు పరీక్ష పెట్టే సారు. ఆమె తలూపి, అలవాటు కొద్దీ గది చివరికి నడిచింది.

‘ఎక్కడికమ్మా?’

‘నూనె డబ్బా తెస్తాను సార్.’

‘సానకి నూనెందుకమ్మా? పక్కన నీళ్లుంటే చాలుగా!’

ఆమె సాన వైపు వెనక్కి తిరిగింది. ఏడాది పొడుగునా తను పరుగున తెచ్చిచ్చిన డబ్బా మూతని అన్న ఒక్కనాడూ తియ్యలేదని అప్పుడు గుర్తొచ్చింది.