పదహారు మోడళ్ల అత్తగారు

ఆ వీధిలో ఎవరి ఫోన్ కింద పడినా ముందు దేవుణ్ణి తలుచుకుంటారు, ఆ వెంటనే స్క్రూల పిన్నిని తలుచుకుంటారు. దేవుడు పలికినా పలకకపోయినా స్క్రూల పిన్ని మాత్రం పలుకుతుంది. మేడ మెట్ల కింద అగ్గిపెట్టె లాంటి గది ఆమె కొట్టు. లోపల ఒక బల్ల, ఒక దీపం, గోడ నిండా వేలెడేసి సొరుగులు. గుమ్మంలో వీధికి వీపు పెట్టి ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఆ కుర్చీలో ఆమె అత్తగారు. లోపలికి వెళ్లాలంటే ముందు ఆవిడను దాటాలి.

"ఏం చేశావు నాయనా ఫోన్‌ని? నీళ్లలో ముంచావా, పెళ్లాం మీదికి విసిరావా?"

ఏదో ఒకటి ఒప్పుకుంటేనే కుర్చీ పక్కకు జరిగేది.

స్క్రూల పిన్ని అన్ని ఫోన్లూ ముట్టుకోదు. మిణుగురు కంపెనీవే చేస్తుంది. వెనక తోక దగ్గర చిన్న ఆకుపచ్చ దీపం మిణుకుమిణుకుమంటుందే, ఆ ఫోన్లు. వాటితో ఆమె పరిచయం ఒక బక్కెట్టులో మొదలైంది. మిణుగురు మొట్టమొదటి మోడల్ వచ్చిన వారానికే అత్తగారు ఒకటి కొనుక్కుని, ఆ సాయంత్రమే బట్టలు నానబెట్టిన బక్కెట్టులో పడేసింది. కొత్త కోడలు తలలోంచి పిన్ను తీసి ఆ ఫోన్ పొట్ట విప్పేసరికి అత్తగారు ఇల్లు ఎగిరిపోయేలా కేక వేసింది. గంట తర్వాత అది మళ్లీ మిణుకుమంది. అత్తగారు నేరుగా వీధిలోకి వెళ్లి, నలుగురికీ ఫోన్ చూపించి, "మా కోడలు చేసింది" అని చెప్పి వచ్చింది. వారం తిరక్కుండా గుమ్మంలో జనం.

అప్పటినుంచి ఆ ఇంట్లో కాలాన్ని కొలిచేది క్యాలెండరు కాదు. కూతురు పుట్టింది నాలుగో మోడల్‌లో. బస్సు కండక్టరుగా పనిచేసే భర్త కాలు విరగ్గొట్టుకున్నది ఎనిమిదిలో. "మనం చివరిసారి సినిమాకి వెళ్లింది ఎప్పుడండీ?" అని ఆమె అడిగితే, "పదకొండు ఇంకా రాలేదు" అని అతను జవాబిస్తాడు. బయటివాళ్లకు వింతగా ఉంటుంది గానీ వాళ్లకది నీళ్లు తాగినంత మామూలు.

కొట్టుకు ఇంకో ఆచారం కూడా ఉంది. ఫోన్ ఏ జబ్బుతో వచ్చినా, నయమయ్యాక ఒక ఫొటో తీసి కెమెరా పరీక్షించి గానీ స్క్రూల పిన్ని ఇవ్వదు. బల్ల దగ్గర కూర్చుని తలెత్తితే ఎదురుగా కనిపించేది ఒక్కటే, అత్తగారి ముఖం. దాన్నే తీస్తుంది. తీశాక అది అత్తగారి ఫోన్‌కి పంపి, కస్టమర్ ఫోన్లోంచి చెరిపేస్తుంది. పంపకపోతే ఆవిడ ఊరుకోదు.

కాబట్టి మిణుగురు కంపెనీ ఎంత ఎదిగిందో తెలుసుకోవాలంటే పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు, అత్తగారి ముఖం చూస్తే చాలు. మొదటి మోడల్‌లో ఆవిడ తడిసిన బొగ్గు. రెండోదానిలో రంగులొచ్చాయి గానీ అన్నీ నీలమే. "నన్నేంటే, విషం తాగినదానిలా తీశావు?" అని గోల. నాలుగోదానికి బొత్తాలు పోయి వేలితో తాకే అద్దం వచ్చింది. "మూతలేని డబ్బాలా ఇదేం ఫోను?" అంటూనే రోజంతా దాన్ని నిమురుతూ కూర్చుంది. ఆరోదానికి ముందువైపు కూడా కెమెరా పెట్టారు. ఆ వారం అత్తగారికి అన్నం సహించలేదు, తనను తాను చూసుకోవడమే సరిపోయింది. ఎనిమిదోదానిలో అందం బొత్తం వచ్చింది. అది నొక్కితే ముప్పై ఏళ్లు రాలిపోయాయి.

"ఎవరే ఈ పిల్ల?"

"మీరే అత్తయ్యా."

అత్తగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "ఉన్నమాట చెప్పడానికి ఈ ఫోన్‌కి ఇన్నాళ్లు పట్టింది" అంది.

ఆ పొంగు పద్నాలుగో మోడల్‌లో దిగిపోయింది. దానికి దూరపువి దగ్గరగా చూపే కన్ను ఉంది. గడ్డం మీది పుట్టుమచ్చలోని మూడు వెంట్రుకలూ విడివిడిగా కనిపించాయి. రెండు రోజులు కోడలితో మాటల్లేవు. ఇక పదహారోది పుస్తకంలా మడతపడుతుంది. దానిలో ఆవిడ ముఖం సరిగ్గా ముక్కు మధ్యన మడతపడింది. మధ్యలో ఎప్పుడో చెవిలో పెట్టుకునే గింజలూ, పళ్లెమంత పలకా, చేతి గడియారమూ వచ్చాయి. గడియారం ఆవిడ అడుగులు లెక్కపెట్టి, "ఈ రోజు నలభై ఒకటి. లేచి నడవండి" అని మోగేది. "నువ్వు నడువు" అని దాన్ని విప్పి మనవరాలి చేతికి కట్టేసింది. సాయంత్రానికి పన్నెండు వేల అడుగులు తేలాయి. "చూశారా, నా ఓపిక!" అని వీధంతా చెప్పుకుంది.

ఇలా నవ్వుతూ తుళ్లుతూ సాగుతున్న కొట్టు మీద ఒక ఉత్తరం పిడుగులా పడింది. వచ్చే నెల నుంచి స్క్రీన్లూ బ్యాటరీలూ మిణుగురు గుర్తింపు బోర్డు ఉన్న కొట్లకే ఇస్తారట. శిక్షణ పట్టా లేనివాళ్లకు బోర్డు కావాలంటే, ఈ కంపెనీ ఫోన్లే బాగుచేస్తూ పదిహేనేళ్లు నిండాలట, దానికి సాక్ష్యం ఉండాలట. బోర్డు రాకపోతే కొట్టు మూతే. స్క్రూల పిన్నికి వచ్చిన విద్య ఇదొక్కటే.

"మొదటి మోడల్ నుంచి చేస్తున్నాను, ఇప్పుడు పదహారు వచ్చింది. పదహారులోంచి ఒకటి పోతే పదిహేను. గట్టెక్కాం!" అని ఆమె ఫారం నింపింది. పని మొదలుపెట్టిన తేదీ అన్నచోట "ఒకటో మోడల్ వచ్చిన వారం" అని రాసింది. ఆ ఇంట్లో అంతకన్నా కచ్చితమైన తేదీ లేదు మరి.

తనిఖీకి కంపెనీ మేడం వచ్చింది. ముప్పై దాటని మనిషి, ఇస్త్రీ చేసిన కోటు, చేతిలో పదహారో మోడల్. గుమ్మం దగ్గరే ఆగిపోవలసి వచ్చింది.

"ఏం చేశావమ్మా ఫోన్‌ని?" అంది అత్తగారు.

"ఏం చెయ్యలేదండీ. నేను కంపెనీ నుంచి వచ్చాను."

"అలాగే అంటారు. ముంచావా, విసిరావా?"

"అత్తయ్యా, మేడం గారిని రానివ్వండి!"

పనితనం చూడటానికి అరగంట పట్టింది. స్క్రూల పిన్ని విప్పిన ప్రతి స్క్రూనీ కాగితం మీద గీసిన ఫోన్ బొమ్మలో దాని చోటనే పెట్టి, మళ్లీ అక్కడినుంచే తీసి బిగించింది. మేడం పెదవులు కాస్త విచ్చుకున్నాయి. ఆ తర్వాత ఫారం చూసింది, పెదవులు మళ్లీ మూతబడ్డాయి.

"ఇదేంటండీ, తేదీ రాయమంటే మోడల్ రాశారు? సరే, లెక్క కడదాం. మా కంపెనీ ఏడాదికి ఒక్క మోడల్ చొప్పున, ఒక్క ఏడాది కూడా తప్పకుండా తెచ్చింది. మా గోడల మీద కూడా అదే రాసుంటుంది. కానీ ఎనిమిది తర్వాత తొమ్మిది రాలేదు, నేరుగా పదికి దూకాం. అంటే వచ్చినవి పదిహేను మోడళ్లే. పదిహేను మోడళ్ల మధ్య పద్నాలుగేళ్లు. ఒక ఏడాది తక్కువైందండీ."

తొమ్మిది రాలేదన్న సంగతి అందరికీ తెలుసు. ఆ లెక్కన అత్తగారు తన వయసులోంచి ఒక ఏడాది తీసేసుకుని చాలాకాలమైంది. కానీ ఆ దెబ్బ ఇక్కడ తగులుతుందని ఎవరనుకున్నారు?

డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన కండక్టరు కలగజేసుకున్నాడు. "అలా ఎలా కుదురుతుందండీ? మా అమ్మాయి నాలుగో మోడల్ వచ్చిన నెలలో పుట్టింది. దానికి పన్నెండు నిండాయి. ముందు మూడేళ్లు కలిపితే పదిహేను!"

"మీ అమ్మాయి వయసు కొట్టుకు సాక్ష్యం కాదండీ. అప్పట్లో పని చేసినట్టు ఏదైనా రుజువుందా? పుస్తకం గానీ, రసీదులు గానీ?"

స్క్రూల పిన్ని ఏనాడూ పుస్తకం రాయలేదు. ఇన్నేళ్ల బతుకూ ఒక్క అంకె దగ్గర ఇరుక్కుపోయింది.

"రుజువు నేను" అంది అత్తగారు, కుర్చీలోంచి కదలకుండా. "నా ఫొటోలన్నీ ఉన్నాయి. అమ్మాయ్, ఆ పళ్లెం ఇటు పట్రా."

అది ఆవిడ పలక. ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి మోసుకొచ్చిన ఫొటోలన్నీ దానిలో ఉన్నాయి, నాలుగు వేల పైచిలుకు, ఒక్కొక్కదాని కింద తేదీతో సహా. స్క్రూల పిన్ని పలకను మేడం చేతికిచ్చింది. మేడం మొదటి ఫొటో తెరిచింది. జనవరి ఒకటి. రెండోది తెరిచింది. జనవరి ఒకటి. వేలితో చరచరా తోసింది. పచ్చ స్వెట్టరులో అత్తగారు, జనవరి ఒకటి. గళ్ల శాలువాలో అత్తగారు, జనవరి ఒకటి. వానకోటులో, నల్ల కళ్లద్దాల్లో, పంటినొప్పికి దవడకు గుడ్డ కట్టుకుని... అన్నీ ఒకే జనవరి ఒకటి.

"ఏమండీ," అంది మేడం మెల్లగా, "ఒక్కరోజులో ఇన్ని బట్టలు మార్చారా?"

స్క్రూల పిన్ని తల పట్టుకుంది. పాత మోడళ్లకు బ్యాటరీ ఊడదీసే రకం. ఊడదీసి పెట్టగానే ఫోన్ తేదీ మొదటికి వెళ్లిపోతుంది. తేదీ దిద్దుకునే పని కస్టమర్‌దే కదా అని ఆమె ఎప్పుడూ వదిలేసేది. పదో మోడల్ నుంచి, అంటే బ్యాటరీ లోపల అతికించేశాక, తేదీలు సరిగ్గానే ఉన్నాయి. కావలసింది మాత్రం అంతకు ముందువి.

ముందు కండక్టరుకి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోబోయి దగ్గాడు. "అమ్మా, ఆ జనవరి ఒకటిన నీకు పంటినొప్పీ వచ్చింది, వానా కురిసింది, ఎండా కాసింది!"

"నోరు ముయ్యరా! నలుగురూ చూసే ఫొటోకి కాస్త బాగుండాలని మార్చుకున్నాను, తప్పా?"

మేడం నవ్వకూడదని పలక మీదికి వంగింది. వంగిన మనిషి అలాగే ఉండిపోయింది. రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేసింది. అత్తగారి చెవి మీదుగా, వీధి అవతల, ఎత్తైన గోడ మీద ఒక ప్రకటన బోర్డు ఉంది. వెలిగే తోక. మసకమసకగా "మిణుగురు ఒకటి. ఈ వారం నుంచే."

"ఇది మా బోర్డు!"

"అక్కడ ఎప్పుడూ మీ బోర్డేగా" అంది స్క్రూల పిన్ని, వినిపించీ వినిపించకుండా. "ఏడాదికోసారి వసంతంలో మనుషులు నిచ్చెన వేసుకుని మారుస్తారు."

మేడం కోటు విప్పి సొరుగుకు తగిలించి నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చుంది. ఒక్కొక్క ఫొటోలో అత్తగారి ముఖాన్ని పక్కకు తోసి, చెవి వెనకాల చూడసాగింది. రెండో మోడల్. మూడు. అందరూ వంగి అరవసాగారు, "నాలుగు! అదిగో నాలుగు!" "ఐదు, ఆ టోపీ పక్కన!" "ఆరు!" పరుగు పందెం చూస్తున్నట్టుంది కొట్టు. చార్జింగ్ పిన్ను మార్పించుకుందామని వచ్చిన పాలవాడు కూడా పని మరిచి, "ఏడు ఏదండీ, ఏడు?" అని మెడ చాచాడు.

ఏడు రాలేదు. ఆరు తర్వాత బోర్డు మీద ఫోనే లేదు. ఒక చెయ్యి, ఆ చేతికి గడియారం. ఎండాకాలం ఫొటోల్లో గడియారమే, వానాకాలం ఫొటోల్లో గడియారమే, చలికాలం వచ్చినా గడియారమే. ఆ తర్వాతే ఏడు.

"ఒక ఏడాదంతా మీవాళ్లు ఫోన్ తేలేదు!" అని స్క్రూల పిన్ని ఎగిరి గంతేసింది. గదిలో ఎగరడానికి చోటు లేదు కాబట్టి తల దీపానికి కొట్టుకుంది. "మోడల్ రాలేదు కాబట్టి మా లెక్కలోకి ఆ ఏడాదే రాలేదు. తొమ్మిది పోయింది, గడియారం వచ్చింది. పదిహేనే!"

మేడం పై ఆఫీసుకు ఫోన్ చేసింది. "సార్, మనం ఏ ఏడాదీ తప్పలేదని గోడల మీద రాస్తాం కదా... ఆరు తర్వాత ఏడు ఎప్పుడొచ్చింది సార్?... అవునా?... ఎవరు చెప్పారంటే..." ఆమె అత్తగారి వైపు చూసింది. "ఒక పెద్దావిడ చెవి చెప్పింది సార్."

అవతల ఏం విన్నారో గానీ, మేడం ఫోన్ పెట్టేసి ఫారం మీద తేదీ తనే రాసి, సంతకం చేసి, ముద్ర వేసింది. స్క్రూల పిన్ని ఫారం అందుకునే తొందరలో, చేతిలోని పన్నెండు స్క్రూలు కలిసి ఒకేసారి దొర్లిపోయాయి. ఆమె చేతిలోంచి స్క్రూ జారడం ఆ వీధి ఎప్పుడూ చూడలేదు. కండక్టరూ, పాలవాడూ, కోటు లేని మేడమూ మోకాళ్ల మీద పాకుతూ వెతికిపెట్టారు.

వెళ్లబోతూ మేడం సంచిలోంచి ఒక అట్ట తీసింది. గళ్లూ గీతలూ రంగు చదరాలూ ఉన్న పటం. "ఇకనుంచి కెమెరా పరీక్ష దీని మీదే చెయ్యాలండీ. కంపెనీ నియమం. కెమెరాకి అయిదడుగుల దూరంలో, నిటారుగా ఉండాలి. మనుషుల ఫొటోలు వద్దు."

అందరి తలలూ కుర్చీ వైపు తిరిగాయి. అత్తగారు అట్ట తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కళ్లు లేవు, ముక్కు లేదు. దీన్ని చూసి ఫోన్ ఏం నేర్చుకుంటుంది?"

"నియమం అండీ."

స్క్రూల పిన్ని టేపు పెట్టి కొలిచింది. బల్ల నుంచి అయిదడుగులు సరిగ్గా కుర్చీ దగ్గర తేలింది. అక్కడ గోడ లేదు, మేకు కొట్టడానికి ఏమీ లేదు, గుమ్మమే ఉంది. అట్టను ఎవరో ఒకరు పట్టుకోవాలి.

"నేను జరిగేది లేదు" అని చెప్పి అత్తగారు అట్టను గడ్డం కింద ఆనించుకుని, జుట్టు సవరించుకుంది. "కానీ అమ్మాయ్. ఈ పాలబ్బాయి ఫోన్ ముందు చూడు, పాలు విరిగిపోతాయి. తీశాక నాకు పంపు. ఆ మచ్చ పడకుండా చూడు."

మేడం ఏదో అనబోయి, తన నియమాల పుస్తకం తిరగేసింది. పటం పైన ఏముండకూడదో దానిలో రాసి లేదు.