క్లిప్పు కాటు

పళ్ళ మేస్త్రి ఇంట్లో బట్టలు ఆరేసుకోవడానికి క్లిప్పులు మిగలవు. ఎన్ని కొన్నా వారం తిరక్కుండా దండెం మీంచి మాయమై, ముందు గదిలో బల్ల మీద తేలతాయి. ఒకసారి గాలికి దుప్పటి ఎగిరి పక్కింటి డాబా మీద పడితే, భార్య దాన్ని తెచ్చి అతని ముందు కుప్పగా పడేసి, "ఇదీ మీ కళాపోషణ!" అంది.

మేస్త్రి పనిచేసేది కట్టుడు పళ్ళు తయారుచేసే చోట. అచ్చులు పోయగా మిగిలిన ప్లాస్టర్ ఇంటికి తెచ్చుకుంటాడు. దాన్ని సీసా మూతల్లో పోసి, గట్టిపడేలోపు నడిమధ్యన ఒక వెదురుపుల్ల గుచ్చుతాడు. పుల్ల చివర క్లిప్పు అంటిస్తాడు. అదే అతని స్టాండు. బస్సులనీ, లాంచీలనీ అరచేతిలో పట్టేంత చిన్నగా చేయడం అతనికి పిచ్చి. చక్రమో, నిచ్చెనో, పొగగొట్టమో, రంగు వేయాల్సిన ప్రతి ముక్కా ఆ క్లిప్పు నోట్లో నిలబడి ఆరాల్సిందే.

ఈ స్టాండ్లు పుట్టింది మామగారి నోటి చలవ వల్ల. ఆయన లాంచీ నడిపిన సరంగు. పని మానేశాక పక్క వీధిలో ఉంటూ, రోజూ అల్లుడి బల్ల దగ్గరికొచ్చి కూర్చుంటాడు. మొదటి బస్సును చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి, "అల్లుడూ, బస్సు ముందు నీ వేలిముద్ర ఎంత చక్కగా పడిందయ్యా! పోలీసులకి పని తగ్గించావు" అన్నాడు. ఆ మాట ముల్లులా గుచ్చుకుని, మేస్త్రి ముక్కల్ని వేళ్ళతో పట్టుకోవడం మానేసి స్టాండ్లు కట్టుకున్నాడు. అప్పుడు క్లిప్పు కరిచిన చోట రంగు అంటలేదని పట్టుకున్నాడు మామ. చివరికి, అతికించాక కంటికి కనబడని చోటే క్లిప్పుకి అందించాలని అల్లుడికి తెలిసొచ్చింది. ఇన్నేళ్ళలో ఆయన ఇచ్చిన పెద్ద బిరుదు "ఊఁ, ఫర్వాలేదు".

అలాంటి మనిషి ఒకరోజు కొత్తగా చేసిన కారును చేతిలోకి తీసుకుని, "అద్భుతం అల్లుడూ!" అన్నాడు.

ఆ పూట మేస్త్రికి ముద్ద దిగలేదు.

"మీ నాన్న మెచ్చుకున్నాడే."

"పోనీలెండి, ఇన్నాళ్ళకి మనసు కరిగింది."

"అది కాదే. ఆ కారుకి ఒక తలుపు పెట్టడం మర్చిపోయాను."

వడ్డిస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

మర్నాడే ముసలాయన్ని తీసుకెళ్ళి చూపిస్తే, డాక్టరు రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయన్నాడు. కుడికన్ను బాగా ముదిరిందనీ, చూపు ఎంత తిరిగొస్తుందో ఆపరేషన్ అయ్యాకే తెలుస్తుందనీ చెప్పాడు. చూపు లేదంటే వీధిలోకి పోనివ్వరని ముసలాయన ఇన్నాళ్ళూ కడుపులోనే దాచుకున్నాడు. కుడికంటికి ఆపరేషన్ అయింది, కట్టు విప్పారు. కూతురు ఎప్పుడడిగినా "కనిపిస్తోందిలేవే" అంటాడు. దాపరికం మొదలైననాటి నుంచీ అదే మాట. ఎలా నమ్మడం?

మేస్త్రి మామగారు నడిపిన లాంచీనే చేయడానికి కూర్చున్నాడు.

"ఎక్కడో ఒక తప్పు చేసి పెట్టండి, పట్టుకుంటాడో లేదో తేలిపోతుంది" అంది భార్య.

సరేనని లాంచీ అంచు చుట్టూ ఉండే కమ్మీలో ఒక ముక్కకి రంగు వేయకుండా వదిలాడు. టీ తాగొచ్చేలోపు మనసు ఊరుకోలేదు. కుంచె ముంచి దాన్నీ పూర్తిచేశాడు. "నా చేత్తో నేను చెడగొట్టలేనే" అని తల దించుకున్నాడు.

తయారైన లాంచీని మామ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎడమకన్ను మూసి, మెల్లగా తిప్పాడు.

"అచ్చం నా లాంచీయే. బాగుంది."

కూతురు ముఖం పక్కకి తిప్పుకుంది. మేస్త్రి లాంచీ వెనక్కి తీసుకోబోయాడు.

"బాగుందన్నానని సంబరపడకు. ఈ నిచ్చెనకి రెండో మెట్టు కింద తెల్లగా ఏంటిది? క్లిప్పు కాటేనా? మళ్ళీ మొదటికొచ్చావూ!"

మేస్త్రి కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. ఏమీ కనబడలేదు. పళ్ళ పనికి వాడే భూతద్దం తెచ్చి చూశాడు. ఉంది. ఆవగింజలో సగం కూడా లేదు, కానీ ఉంది. తను కావాలని వదలని తప్పు, తనకి తెలియని తప్పు!

గుండెల మీంచి బండ దింపినట్టయింది. భార్య నవ్వుతూనే కళ్ళొత్తుకుంటోంది.

"తప్పు పట్టుకుంటే పండగ చేసుకుంటారేంటి మీరిద్దరూ?" ముసలాయనకి కోపమొచ్చింది.

"ఇంకా చూడండి మామయ్యా, ఇంకేమైనా దొరుకుతాయేమో!"

"ఆగవయ్యా. ఒంటి కంటికే ఇది దొరికింది. రెండోది కూడా బాగుచేయించు, అప్పుడు చెప్తా నీ సంగతి."

మేస్త్రి నిచ్చెనను నెమ్మదిగా ఊడదీసి, స్టాండు దగ్గరికి లాక్కున్నాడు. చేసిన పనే మళ్ళీ చేయాల్సొచ్చిందని ఇంత ఆనందం అతనికి ఎప్పుడూ కలగలేదు. తడిబట్టల బకెట్టుతో క్లిప్పుల కోసం వచ్చిన భార్య, బల్ల వైపు చూసి, అడగకుండానే డాబా మీదికి వెళ్ళిపోయింది.

మామ కుర్చీని బల్ల దాకా ఈడ్చుకొచ్చి కూర్చున్నాడు.

"మెట్టు దగ్గర కాదయ్యా, నిచ్చెన కాలు దగ్గర కరిపించు! కాలు దగ్గర!"