వినబడితే కాళ్ళు ఊపు

కోనసీమలో పుట్టినవాడికి దూరం అనేది ఎవరైనా చెబితే విని నమ్మవలసిన సంగతి. ఎటు చూసినా ఒక కొబ్బరితోట, దాని వెనక ఇంకో కొబ్బరితోట. మా ఊరు పైనుంచి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు దింపు తీసేవాళ్ళు మాత్రమే. చెట్టెక్కి గెలలు కోసే పనిలో వాళ్ళకు చుట్టూ చూసే తీరిక ఉండదు. నాకు తీరిక ఉంది కానీ చెట్టెక్కడం రాదు. నలభై దాటాక ఇక రాదని కూడా తేలిపోయింది. అందుచేత వీపుకు ఇంజను కట్టుకుని ఎగరడం నేర్చుకుందామనుకున్నాను. డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పేవాడు చేయగలిగిన పనుల్లో ఇది మరీ తెలివితక్కువదేమీ కాదని నా అభిప్రాయం. మా ఆవిడ అభిప్రాయం తరవాత వస్తుంది.

రాజోలు దాటి సముద్రం వైపు వెళితే, సరుగుడు తోటలకూ ఇసుకకూ మధ్య చెట్టు లేని మైదానం ఒకటి ఉంది. మా ప్రాంతంలో చెట్టు లేని జాగా అంటే దానికేదో జబ్బు చేసినట్టే చూస్తారు. ఆ చలికాలం అక్కడ పారామోటార్ శిక్షణ శిబిరం పెట్టారు. పారామోటార్ అంటే పెద్దగా ఏమీ లేదు. నెత్తిమీద గుడ్డతో కుట్టిన పొడవాటి రెక్క, రెక్కకు సన్నటి తాళ్ళు, తాళ్ళ చివర మనిషి, మనిషి వీపున ఇంజను, ఇంజనుకు పంకా. పంకా చుట్టూ ఒక చట్రం ఉంటుంది. మిగతావన్నీ ఎగరడానికి, అదొక్కటీ వేళ్ళు మిగలడానికి.

నేర్పే ఆయన సైన్యంలో చేసి వచ్చిన మనిషి. తెలంగాణ ఆయన. మాకంటే పెద్దవారు కాబట్టి మేము గురువుగారనేవాళ్ళం. ఆయనకు మాట చివర ‘అండీ’ తగిలించే అలవాటు లేదు. మాకు తగిలించకుండా ఉండే అలవాటు లేదు. మేమంటే నేను, ఒక రొయ్యల రైతు. తన చెరువులన్నీ ఒకేసారి చూసుకోవాలని అతను చేరాడు. ఇంకా కొందరు చేరారు గానీ ఇంజను బరువు చూసి మానేశారు.

మొదటి రోజే గురువుగారు అడిగారు. “గాల్లో ఇంజన్ ఆగితే యాడ దిగుతరు?”

“చెరువులోనండి. నడుం లోతేనండి, మునగనండి,” అన్నాడు రొయ్యల రైతు.

“ఎవరో ఒకరి పెరట్లోనండి. కాఫీ కూడా ఇస్తారండి,” అన్నాను నేను.

గురువుగారు నవ్వలేదు. “చెట్టు మీద దిగుతరు. ఈడ జాగ యాడున్నది? అందుకే ఎగిరినంతసేపు ఖాళీ జాగ ఎతుకుతనే ఉండాలె,” అన్నారు. మా ఊరి గురించి బయటివాళ్ళు ఇంత సూటిగా చెప్పగా నేను వినలేదు. సాధారణంగా పచ్చదనం అని మొదలుపెడతారు.

చాలా రోజులు ఎగరడమన్న మాటే లేదు. ఇంజను లేకుండా రెక్కను నేలమీద పరిచి, గాలికి ఎదురుగా నిలబడి, తాళ్ళు లాగి నెత్తిమీదకు లేపి అక్కడే నిలపడం నేర్పారు. నేను రెక్కను లాగుతున్నానో, రెక్క నన్ను లాగుతోందో చూసేవాళ్ళకు అనుమానంగా ఉండేది. నాకు ఉండేది కాదు. తరవాత ఒక కొబ్బరికాయల కొట్టులో దూలానికి సీటు వేలాడదీసి, దాంట్లో కూర్చోబెట్టి పాఠం చెప్పారు. కుడిచేతిలో వేగం పెంచే మీట, రెండు చేతుల్లోనూ బ్రేకులు. చెవిలో ఆయన గొంతు, ఛాతీకి కట్టిన వాకీటాకీలోంచి.

“నేను చెప్పేది నీకు వినబడ్తది. నీ మాట ఇంజన్ చప్పుడుకు నాకు వినబడదు. చేతులు ఖాళీ ఉండవు. అందుకని వినబడితే కాళ్ళు ఊపు. అర్థమైందా?”

“ఆయ్ అండీ,” అన్నాను.

“ఊపు మరి.”

నేను తల ఊపాను.

ఇక్కడ మా మామ్మ గురించి కొంచెం చెప్పాలి. మా మామ్మ దగ్గర తాటాకు విసనకర్ర ఉండేది. దాంతో ఆవిడ విసురుకోవడం తక్కువ. అరుగు మీద కూర్చుని కాళ్ళు ఊపితే దాని కాడ పిక్క మీద పడేది. కాళ్ళూపితే ఇంటికి దరిద్రం. పెద్దవాళ్ళ వైపు కాళ్ళు చాపితే కళ్ళు పోతాయి. ఈ రెండు నేరాలూ విడివిడిగా చేస్తే ఏమవుతుందో ఆవిడ చెప్పింది గానీ, గురువు వైపు కాళ్ళు చాపి, ఆయన నెత్తికి పైన కూర్చుని, రెండూ కలిపి ఊపితే ఏమవుతుందో చెప్పలేదు. అలాంటివాడు పుడతాడని ఆవిడ అనుకుని ఉండదు.

నమ్మకం ఉందా అంటే లేదు. నేను చదువుకున్నవాడినే. కానీ కాళ్ళు కాలేజీకి వెళ్ళలేదు.

ఇంజను కట్టుకుని ఎగరడం మొదలయ్యాక సంగతి ముదిరింది. మొదట్లో ఎగిరినవన్నీ చిన్నవి. మైదానం ఈ చివర పరుగెత్తి లేచి, మనిషి ఎత్తు మీద ఇంకొంచెం ఎగిరి, ఆ చివర దిగడం. మొదటిసారి కాళ్ళ కింద నేల లేదని తెలిసినప్పుడు గురువుగారి గొంతు ప్రశాంతంగా వినబడింది. “బాగుంది. అట్లనే ఉండు. వినబడితే కాళ్ళు ఊపు.”

“ఆయ్ అండీ, వినబడుతోందండీ, చాలా థాంక్సండీ,” అన్నాను ఆకాశంతో.

నేల మీదకు వచ్చాక ఆయన వాకీటాకీ మార్చారు. మర్నాడు కొత్త బ్యాటరీ వేశారు. ఆ మర్నాడు నా చెవులు ఎలా ఉన్నాయని అడిగారు. అప్పుడు రొయ్యల రైతు ఉండబట్టలేక చెప్పేశాడు.

“ఆయనకి వినబడుద్దండి. మీకు కాళ్ళు చూపించడానికి మొహమాటపడుతున్నారండి.”

“నాకా?”

“పెద్దోరు కదండీ మీరు.”

“మరి నువ్వెట్ల ఊపుతున్నవ్?”

“నాకు అలవాటండి. చెరువు గట్టు మీద కూర్చుని ఊపుకుంటూనే ఉంటానండి. మా ఆవిడ రోజూ తిడతదండి.”

అతను అప్పటికే చెట్ల మీదుగా వెళ్ళి తన చెరువులు చూసి వచ్చాడు. నేను మాత్రం మైదానం ఈ చివరా ఆ చివరా, కొబ్బరి మొదళ్ళ మధ్యే ఉన్నాను. ఇంజను ఖర్చు లేకుండా నడిచి చూసినా కనబడేవే అవి.

గురువుగారు కోప్పడలేదు. అది ఇంకా ఇబ్బందిగా ఉంది. “చూడయ్యా. గాల్లో మర్యాదలుండవు. నువ్వు విన్నవో లేదో తెల్వకపోతే నేను నిన్ను చెట్ల పైకి పంపను. ఎండకాలం గాలి మొదలైతుంది. రేపు ఒక్కసారి చూస్త. చెట్ల ఎత్తుకు పోయినంక అడుగుత. ఊపితే పైకి పో. లేకుంటే దిగు. నా సామాను నేను సర్దుకుంట.” మళ్ళీ ఇక్కడ శిబిరం పెడతారా అని అడిగాను. చెట్ల వైపు ఒకసారి చూసి, పెట్టనన్నారు.

ఆ సాయంత్రం వసారాలో పడక కుర్చీ వేసుకుని సాధన మొదలుపెట్టాను. వీధి వైపు కాళ్ళు చాపి, ముందు ఒకటి, తరవాత ఒకటి. మా ఆవిడ కాఫీ తెచ్చి కాసేపు నిలబడింది.

“కాళ్ళూపితే దరిద్రమండి.”

“తెలుసు.”

“అంత ఎత్తునుంచి ఊపితే మన ఒక్క ఇంటికే రాదులెండి. ఊరంతా పంచుకుంటారు.”

సరిగ్గా అప్పుడే గేటు తీసుకుని మా మావగారు వచ్చారు. తెల్లపంచె, భుజాన తువ్వాలు. చుట్టుపక్కల తోటల్లో ఆయన తోటది పెద్ద పేరు, చెట్టు చెట్టుకూ చరిత్ర చెబుతారు. నా కాళ్ళు గాల్లోనే ఆగిపోయాయి. దించాను. అవి దిగిన వేగానికి కుర్చీ నన్ను కొంచెం మూసేసింది.

“ఏవిటండీ అల్లుడుగారూ, కాళ్ళు గానీ పట్టేసేయా?”

“ఆయ్, వ్యాయామం అండీ.”

పొద్దున్నే నేను ఎక్కడికి వెళుతున్నానో ఆయనకు చెప్పలేదు. మా ఆవిడ ఏనాడో చెప్పేసింది, “ఎగరండి, నాకేం. మా నాన్నకి మాత్రం మీరే చెప్పుకోండి” అని. చెప్పుకోవడానికి మంచి రోజు కోసం చూస్తున్నాను. ఆయన లోపలికి వెళ్ళాక వంటింట్లోంచి మాటలు వినబడ్డాయి. మధ్యలో ఒకసారి “ఎగరడమా?” అన్న మావగారి గొంతు వినబడింది. వెళ్ళేటప్పుడు ఆయన నాతో దింపు ధర గురించి మాత్రం మాట్లాడారు.

మర్నాడు పొద్దున్న ఇంజను కట్టుకుని, తాళ్ళు చూసుకుని, హెల్మెట్ బిగించుకుంటుంటే మైదానం చివర ఆటో ఆగింది. అందులోంచి మావగారు దిగారు, ఆయన వెనక ఒక గెల బొండాలు దిగాయి. నేను ముందుకు వంగి దండం పెట్టబోయాను. ఇంజను నాకంటే ముందే వంగింది. గురువుగారు పట్టుకోకపోతే ఆ దండం సాష్టాంగం అయ్యేది.

“మా అల్లుణ్ణే కదండీ మీరు ఎగరేస్తున్నది?” అని మావగారు తనను తాను పరిచయం చేసుకున్నారు. “కాసిని బొండాలు తెచ్చేనండి. ఎగిరేక తాగుతారా, ముందే తాగుతారా?”

ముందు ఎగరడమే మంచిదని గురువుగారు అన్నారు.

పరుగెత్తాను, లేచాను. మైదానం చివర ఈసారి దిగలేదు. మొదళ్ళు కిందికి జారాయి, తరవాత గెలలు, తరవాత మట్టలు. మట్టల ఎత్తులో ఇంజను తగ్గించి చుట్టు తిరిగాను. గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డసంచి కట్టిన గెడ దగ్గర ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఉన్నారు, ఒకరు ఖాకీ టోపీ, ఒకరు తెల్లపంచె. నా రెండు కాళ్ళూ చక్కగా వాళ్ళిద్దరి మొహాల మీదికి చాపి ఉన్నాయి.

“బాగుంది. వినబడితే కాళ్ళు ఊపు.”

ఒక ఉపాయం తోచింది. ఎడమ బ్రేకు లాగి సముద్రం వైపు తిరిగాను. అటు పెద్దవాళ్ళెవరూ లేరు. సముద్రానికి చూపిస్తూ హుషారుగా ఊపాను.

“ఎనకకెందుకు తిరిగినవ్? నాకు పంకా కనబడ్తున్నది. కాళ్ళు ఏవి?”

మళ్ళీ ఇటు తిరిగాను. తిరగగానే కాళ్ళు బుద్ధిగా సర్దుకున్నాయి. నేను చెప్పాను, అవి వినలేదు. ఇంజను వింది, రెక్క వింది.

“ఆఖరుసారి చెప్తున్న. ఊపు. లేకుంటే దిగు.”

కింద ఆ తరవాత జరిగింది నేను రొయ్యల రైతు నోట విన్నాను. ఆ కాళ్ళతో ఏవిటండీ పని అని మావగారు అడిగారట. మీ అల్లుడు కాళ్ళూపితే పైకి పోతడు, లేకుంటే ఇంటికి పోతడు అన్నారట గురువుగారు. మావగారు కొంచెం ఆలోచించి, తువ్వాలు సర్దుకుని, అదోసారి ఇలా ఇవ్వండీ అని వాకీటాకీ కోసం చెయ్యి చాపారట.

నాకు వినబడింది మాత్రం ఇది. ముందు ఖంగుమని ఒక దగ్గు. తరవాత దూరపు ఊరికి ఫోన్ చేసే గొంతు.

“అల్లుడుగారూ! నేనండీ. మావయ్యనండీ. మరేం అనుకోకండి. కాళ్ళూపండి.”

ఒక క్షణం ఆగి, “ఫర్వాలేదండీ, నేను పక్కకి తిరిగేనండి,” అన్నారు.

చూస్తే నిజంగానే తెల్లపంచె పక్కకు తిరిగి ఉంది. గురువుగారొక్కరే ఇటు చూస్తున్నారు. ఊపాను. కుడికాలు, ఎడమకాలు, తరవాత రెండూ కలిపి. ఒకసారి మొదలయ్యాక ఆపడం కష్టమైంది. మామ్మ విసనకర్ర ఎక్కడా కనబడలేదు.

“కనబడినయ్. చాలు, చాలు. ఇగ పైకి పో. తాటిపాక దిక్కు మాత్రం పోకు, ఆడ గ్యాస్ పనులున్నయ్.”

పైకి వెళ్ళాను. జీవితంలో మొదటిసారి నాకు దూరం కనబడింది. దూరంలో కూడా కొబ్బరిచెట్లే ఉన్నాయి. అయితే వాటి మధ్య కాలువలు ఎవరో స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. వైనతేయ గోదావరి నీరు సముద్రంలోకి వెళ్ళే చోట కాఫీరంగులో ఒక పెద్ద విసనకర్రలా పరుచుకుని, ఇంకొంచెం అవతల నీలంగా మారిపోతోంది. రోడ్డు మీద బస్సు వెళుతోంది. నేను ఇన్నేళ్ళూ అందులో కిటికీ సీటు కోసం తువ్వాళ్ళు వేశాను. ఖాళీ జాగా ఎతుకుతనే ఉండాలె అన్న మాట గుర్తొచ్చి వెతికాను. గురువుగారు చెప్పింది నిజమే. నేను లేచిన మైదానం ఒక్కటే ఉంది.

దిగేటప్పుడు మోకాళ్ళ మీద దిగాను. గురువుగారు నా భుజం తట్టి, పాసయ్యానని రొయ్యల రైతుతో చెప్పారు. మావగారు బొండాం కొట్టించి చేతికిచ్చారు. నేను తాగేదాకా ఆగి అడిగారు.

“పైనుంచి మన తోట కనబడిందా అండీ?”

“కనబడే ఉంటుందండి. ఏది మనదో తెలీలేదండి. అన్నీ ఒకలాగే ఉన్నాయండి.”

అంతసేపు కాళ్ళు చూపించినా ఏమీ అనుకోని మనిషి, ఈ మాటకు చిన్నబుచ్చుకున్నారు. “ఒకలాగే ఉన్నాయా అండీ,” అని ఆటో ఎక్కారు.

రెండు మూడు రోజులు ఆయన మా ఇంటికి రాలేదు. వచ్చిన సాయంత్రం నేను పడక కుర్చీలోనే ఉన్నాను. గేటు చప్పుడుకు కాళ్ళు వాటంతటవే దిగిపోయాయి. ఆయన బల్ల మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, తోటలో దింపు అయిందని చెప్పారు. తరవాత ఎటో చూస్తూ అన్నారు.

“తూర్పు గట్టు మీద పొడుగు చెట్టుంది కదండీ. దింపువాడిచేత దాని చిటారు మొవ్వుకి ఎర్ర తువ్వాలు కట్టించేను. గురువుగారు ఉండగానే ఈసారి అటు వెళ్ళండి. దాని మీదకొచ్చేక ఓసారి కాళ్ళూపండి. నేను కిందుంటాను.”

“ఆయ్ అండీ,” అన్నాను, రెండు పాదాలూ నేలకు ఆనించి.