ఒకే ఇంటిపేరు వాళ్ళు

సాయంత్రం నాలుగూ ఇరవైకి పక్కింటావిడ మా తలుపు తట్టి, ప్యాకింగు టేపు ఉందా అని అడిగింది. ఆ వేళ గుర్తుండిపోవడానికి కారణం మావారు. ఆయన గడియారం చూసుకుని, "నాలుగూ ఇరవై అయింది మేడమ్, నమాజు అయిపోయి కొట్లు తీసి ఉంటారు, తెచ్చిపెడతాను" అన్నారు. అప్పటికి రియాద్‌లో టేపు దొరకడం మానేసింది. కువైట్ కోసం యుద్ధం మొదలైతే విషవాయువు లోపలికి రాకుండా ఇంట్లో ఒక గదికి ప్లాస్టిక్కు కట్టుకోవాలని, కిటికీ సందులు టేపుతో మూసెయ్యాలని అందరికీ చెప్పారు. ఆయన కాసేపటికి వట్టి చేతులతో తిరిగొచ్చి, మా ఇంట్లో మిగిలిన చుట్టే పట్టుకుని ఆవిడ ఇంటికి బయల్దేరారు. నేనూ వెంట వెళ్ళాను.

మావి ఆసుపత్రి క్వార్టర్లు. మావారు అక్కడ ఎక్స్‌రే యంత్రాలు చూసుకునే ఇంజనీరు. ఆవిడ అమెరికా నర్సు. అరవైకి దగ్గరపడిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు. ఆసుపత్రిలో సెలవులన్నీ రద్దు చేశారు కాబట్టి ఆవిడా వెళ్ళలేదు, మేమూ వెళ్ళలేదు. మా అమ్మాయిని మాత్రం ముందే మా అమ్మ దగ్గరికి పంపేశాం. మాకు ఆ ఒక్క కూతురే.

ఆవిడ భోజనాల బల్ల మీద నల్లటి కాగితాలు పరిచి ఉన్నాయి. నలుపు మీద తెల్లటి చేతిరాత. మావారు అలవాటు కొద్దీ ఒకటి తీసి, ఎక్స్‌రే చూసినట్టు దీపానికి అడ్డంగా ఎత్తి పట్టుకున్నారు.

"అవి ఎముకలు కావు, ఇంజనీర్. మావాళ్ళు," అందావిడ.

అమెరికాలో తొలినాళ్ళలో తీసిన జనాభా లెక్కలవి. ఆవిడ చెల్లెలు అక్కడ మైక్రోఫిల్ము నుంచి ప్రతులు తీయించి పోస్టులో పంపింది. ఫిల్ములో తెలుపు నలుపవుతుందట, అందుకే అలా వచ్చాయి. ఎడమపక్క ఇంటి యజమాని పేరు, ఆ పక్కన వరసగా గళ్ళు. ఇంతలోపు వయసు మగవాళ్ళు ఎందరు, ఇంతలోపు ఆడవాళ్ళు ఎందరు. గళ్ళలో అంకెలే ఉన్నాయి. ఇంటికొక్క పేరు, మిగతా వాళ్ళంతా లెక్క.

ఆవిడ వేలు ఒక వరస మీద ఆగింది. అక్కడ ఆవిడ ఇంటిపేరుతో ఒక మగమనిషి ఉన్నాడు. ఆ ఇంటిపేరు గల తన వంశంలో కాగితం మీద కనిపించే మొదటివాడు అతనేనని చెప్పింది. పదహారు దాటి ఇరవై ఆరులోపు ఆడవాళ్ళ గడిలో 'ఒకటి' అని ఉంది.

"ఈమె అతని భార్య. మేమంతా ఈమె పిల్లలం. పేరు తెలీదు. చెల్లెలు పెళ్ళయి పేరు మార్చుకుంది. ఈ ఇంటిపేరుకి నేనే ఆఖరు. నాతో ఆగిపోయేలోపు ఈ ఒకటి ఎవరో తెలుసుకోవాలి."

ఆ వరసలో చివరి గడిలో 'మూడు' అని ఉంది. అదేమిటని అడిగాను. ఆవిడ "బానిసలు," అని, ఆ గడి మీద అరచెయ్యి పెట్టింది. దాచడానికి పెట్టిందో, ఊరికే పెట్టిందో నాకు తెలీదు.

ఆ రోజుల్లో నా పేరు కూడా, అక్కడ ఉండడానికి మావారికిచ్చిన ఇకామా పుస్తకంలో ఒక పేజీలో ఉండేది. విడిగా నాకంటూ కాగితం లేదు. అయినా నా పేరు రాశారు, ఫొటో అంటించారు. ఇంటికొచ్చాక ఆ పేజీ తీసి చూసుకున్నాను.

యుద్ధం మొదలైంది. సైరన్లు ఎక్కువగా రాత్రుళ్ళు మోగేవి, పగళ్ళన్నీ నిద్రలేమితో మసకగా గడిచేవి. డ్యూటీ లేని మధ్యాహ్నాలు మేం ముగ్గురం ఆవిడ ఇంట్లో, ప్లాస్టిక్కు కట్టిన ఆ గదిలోనే కూర్చునేవాళ్ళం. బల్ల లోపలికి జరిపేసింది కాబట్టి అక్కడే కూర్చోవాలి. గాలి కదిలినప్పుడు కిటికీ మీద ప్లాస్టిక్కు మెల్లగా ఉబ్బి, మెల్లగా తగ్గేది. వెలుతురు పాలు కలిపినట్టు వచ్చేది. నేను అంకెలు చదివేదాన్ని, ఆవిడ రాసుకునేది. పదేళ్ళకొకసారి తీసిన లెక్కల్లో అదే ఆడమనిషి ఒక గడి నుంచి పక్క గడికి, అక్కణ్ణుంచి ఆ పక్క గడికి జరుగుతూ పోయేది. పిల్లల గళ్ళు నిండేవి, ఖాళీ అయ్యేవి. ఎవరో ముఖం చూపించకుండా మన ముందే ఇల్లంతా తిరుగుతున్నట్టుండేది. చదువుతూ చదువుతూ నేను కునుకు తీస్తే, ఆవిడ లేపకుండా తనే చదువుకునేది.

లెక్కలతో పాటు ఆ జిల్లా పెళ్ళిళ్ళ పట్టీలు కూడా పంపింది చెల్లెలు. అతని పేరే, అదే ఇంటిపేరుతో ఉన్న పెళ్ళికొడుకులు చాలామందే ఉన్నారు. వాళ్ళందరి పెళ్ళికూతుళ్ళ పేర్లూ ఏరి, వయసులతో సరిచూస్తే ఆ 'ఒకటి' ఎవరో దొరకాలి. ఏరే పని మావారు తీసుకున్నారు. యంత్రంలో ఎక్కడ తేడా ఉందో పట్టే మనిషి కాబట్టి ఆవిడ నమ్మి ఇచ్చింది. ఆయన పెన్సిలుతో ఒక్కొక్కటే టిక్కు పెడుతూ పోతున్నారు.

"ఇదిగో, గుమస్తాకి నిద్ర ముంచుకొచ్చినట్టుంది," అన్నారు నాతో తెలుగులో. "ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు. అన్నాచెల్లెళ్ళని తెచ్చి పెళ్ళి పట్టీలో పడేశాడు."

"వాళ్ళల్లో అలాగే చేసుకుంటారేమో, బావా."

"ఎంత అమెరికా అయితే మాత్రం వావి వరసలుండవా? నువ్వు మరీను."

ఆ పేరు కొట్టేశారు. మిగతావి శుభ్రంగా రాసి ఆవిడకి ఇచ్చారు. వాటిలో ఒక్కటీ వయసుకి సరిపోలేదు. ఆవిడ మళ్ళీ మళ్ళీ సరిచూసి, కాగితాలు అట్టపెట్టెలో పెట్టేసింది.

ప్రతి అమావాస్యకీ మావారు తర్పణం విడిచేవారు. అక్కడ ఇలాంటివన్నీ ఇంట్లోనే, కర్టెన్లు వేసుకుని, ఎవరికీ వినబడకుండా. దర్భలు ఊరి నుంచి పాత పేపర్లో చుట్టి తెచ్చుకునేవారు. నల్ల నువ్వులు బతా బజారులో దొరికేవి. శుక్రవారం ఆసుపత్రి బస్సు నడిపే కడప అతను అటు వెళ్తే అతనితో తెప్పించుకునేవాళ్ళం.

"ఏందమ్మా, నెల తిరిగేసరికి నువ్వులంటావు," అనేవాడతను గుమ్మంలో నిలబడి. "ఉండలు చేస్తాంటే మాకూ రెండు పంపీరాదూ. వాసన కూడా రానియ్యవు."

ఉండలు చేసి పంపాను. నెలనెలా నువ్వులు ఎందుకో అతనికి చెప్పలేదు. తెలిసే ఉంటుంది.

ఒక అమావాస్యనాడు పక్కింటావిడ తలుపు తట్టకుండానే వచ్చేసింది. మావారు వంటగదిలో దక్షిణంగా తిరిగి, పళ్ళెంలోకి నువ్వులూ నీళ్ళూ వదులుతున్నారు. ఆవిడ గుమ్మంలోనే ఆగి, అయ్యేదాకా కదలకుండా నిలబడింది. తర్వాత అదేమిటని అడిగింది.

"పోయిన వాళ్ళకి నీళ్ళు. ఒక్కొక్కరి గోత్రం, పేరు చెప్పి," అన్నారాయన. "నాన్న, తాత, ముత్తాత. అమ్మ, నాయనమ్మ, తాతమ్మ."

"ఆడవాళ్ళ పేర్లు కూడానా?"

"పేరు చెప్పకపోతే ఎవరికి అందుతాయి మేడమ్?"

ఆవిడ కుర్చీలో కూర్చుంది. "నీ ముత్తాత భార్య పేరు నీకు తెలుసు," అంది. అది ప్రశ్నలా అనలేదు. "ఆమెకి అత్తగారి పేరు?"

మావారు తల అడ్డంగా ఊపారు. "మూడు తరాలే. కింద ఒక పేరు చేరినప్పుడు పైన ఒకటి జారిపోతుంది. మా నాన్న పోయాక నేను మొదటిసారి చేసినప్పుడు, ఆయన చెప్పే ఒక పేరు నేను చెప్పనక్కర్లేకపోయింది. అదేమిటో ఇప్పుడు గుర్తులేదు."

"మూడేనా," అందావిడ. కాస్త నిరాశపడినట్టే అనిపించింది.

యుద్ధం ఆగింది. సెలవులు ఇవ్వడం మొదలుపెట్టగానే ఆవిడ ఊరికి వెళ్ళింది. అవి ఆకాశం బూడిదరంగులో ఉండే రోజులు. కువైట్‌లో తగలబడుతున్న బావుల పొగ అనేవారు కొందరు, వట్టి దుమ్మే అనేవారు కొందరు. కిటికీల మీంచి టేపు పీకితే దాని జిగురు గాజు మీదే ఉండిపోయింది. ఎండ పడినప్పుడల్లా ఆ గీతలు కనిపించేవి.

ఆవిడ తిరిగొచ్చిన మర్నాడు టీకి పిలిచింది. మేం కూర్చోగానే మావారి వైపు తిరిగింది.

"ఇంజనీర్, నువ్వు కొట్టేసినవాళ్ళు గుర్తున్నారా? ఒకే ఇంటిపేరు వాళ్ళు."

"అన్నాచెల్లెళ్ళు."

"భార్యాభర్తలు. నేను వెళ్ళి అసలు పుస్తకం చూశాను. ఆమె అతని చిన్నాన్న కూతురు. ఆమే ఆ ఒకటి."

మావారు కప్పు కింద పెట్టేశారు. చెవులు ఎర్రబడ్డాయి. కొట్టేసినందుకు సిగ్గుపడ్డారో, చిన్నాన్న కూతురన్న మాట విన్నందుకో చెప్పలేను. "చిన్నాన్న కూతురంటే చెల్లెలే కదా," అన్నారు మెల్లగా. నాకు నవ్వాగలేదు.

"మీలో దగ్గర బంధువుల్ని చేసుకోరా?" అని ఆవిడ నన్నడిగింది.

"ఎందుకు చేసుకోరు? ఈయన మా మేనత్త కొడుకు."

ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీ అత్త కొడుకుని నువ్వు చేసుకోవచ్చు. ఆమె పెదనాన్న కొడుకుని ఆమె చేసుకోకూడదు. తేడా ఏమిటి?"

"ఇంటిపేరు," అన్నారు మావారు. "మా ఇంటిపేరు వేరు, వీళ్ళ ఇంటిపేరు వేరు. మాకు ఇంటిపేరు మారితేనే పెళ్ళి."

"మా ఆమెకి మార్చుకునే పని కూడా లేకపోయింది," అని ఆవిడ నవ్వింది. చాలాసేపు నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఒక చీటీ మీద ఆ పేరు రాసి బల్ల మీద మా వైపు జరిపింది. చిన్న పేరు. మన భాషలో రాస్తే రెండక్షరాలు.

మావారికి ఆ విషయం మింగుడు పడలేదు. మర్నాడు తమ విభాగంలో సౌదీ ఆఫీసరుకి వింతగా చెప్పారట. అతను వింతేమీ పడలేదు. "చిన్నాన్న కూతుర్నేగా చేసుకున్నాడు? మొదటి హక్కు వాడిదే కదా. మా ఇంట్లోనూ అంతే," అన్నాడట. ఆయన ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే ఇది నాకు చెప్పి, "ఈ లోకంలో మనమే తేడాగా ఉన్నట్టున్నాం," అన్నారు.

ఆ తర్వాతి అమావాస్యకి ఆవిడ ముందే అడిగి వచ్చింది. తలకి రుమాలు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. మావారు తన మూడు తరాల వాళ్ళవీ అయ్యాక కాసేపు ఆగారు. తర్పణంలో చివర, తమకంటూ ఎవరూ లేని వాళ్ళందరికీ కలిపి నీళ్ళు వదిలేది ఒకటి ఉంటుంది. దానికి ముందు ఆయన ఆ రెండక్షరాల పేరు చెప్పి నువ్వులూ నీళ్ళూ వదిలారు. గోత్రం తెలియదు కాబట్టి, తెలియనివాళ్ళకి చెప్పే గోత్రమే చెప్పారు.

"ఆ చివరి గడిలో వాళ్ళు?" అందావిడ, చిన్న గొంతుతో.

"పేర్లు తెలీవుగా మేడమ్. వాళ్ళకి ఇందులోనే," అని ఆఖరి నీళ్ళు వదిలారు. దోసిలి మామూలు కన్నా నిండుగా పట్టారని నాకనిపించింది. నిజంగానే పట్టారో, నేనే అలా చూశానో.

అప్పట్నుంచి ప్రతి అమావాస్యకీ ఆ పేరు వినబడేది. ఆవిడ ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాక కూడా. కొంతకాలం మమ్మల్ని అభాలో ఉన్న ఆసుపత్రికి మార్చారు. కొండ మీద ఊరు, మబ్బు కిటికీలోంచి గదిలోకి వచ్చేది. ఆ మబ్బులో వంటగదిలోంచి మా మేనత్త పేరు, ఆమె అత్తగారి పేరు, ఆ పైన తాతమ్మ పేరు, ఆ వెనక ఈ అమెరికా పేరు వినబడుతుంటే, నేను అన్నం గిన్నె పక్కన కూర్చుని వినేదాన్ని. నలుగురూ ఒకే ఇంట్లో కోడళ్ళనిపించేది. నేను కావాలని నేర్చుకోలేదు. విని విని వచ్చేశాయి.

ఆయన మళ్ళీ రియాద్‌కి వచ్చాకే పోయారు. పగలు, డ్యూటీలో. మన ఊరికి తీసుకొచ్చాం. కర్మకాండలు మా మరిది కొడుకు చేశాడు. మంచి పిల్లాడు, శ్రద్ధగానే చేశాడు. వాడి నాన్న ఉన్నాడు కాబట్టి నెలనెలా చేసే బాధ్యత వాడికి లేదు. మా మరిది ఏడాదికోసారి తద్దినం పెడతాడు, అది వాళ్ళ అమ్మానాన్నలకి.

పక్కింటావిడకి ఫోను చేసి చెప్పాను. ఆవిడకి బాగా వయసు మీద పడింది, వినికిడి తగ్గింది. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"ఇప్పుడు ఇంజనీర్ పేరు ఎవరు చెప్తారు?" అంది.

"కొడుకు చెప్పాలి. మాకు కూతురేగా."

"నువ్వు?"

"ఆడవాళ్ళు చెయ్యరు మేడమ్."

"నీకు ఆ పేర్లు వచ్చుగా?"

"వచ్చు."

"అన్నీ?"

"మీ ఆమెది కూడా."

ఫోనులో ఆవిడ ఊపిరి వినబడింది కాసేపు. ఆ తర్వాత రెండేళ్ళకి ఆవిడ చెల్లెలు ఫోను చేసి, అక్క పోయిందని చెప్పింది. ఆ ఇంటిపేరు అక్కడితో ఆగింది.

దర్భలు చుట్టిన పాత పేపరు ఇప్పటికీ వంటగది అలమరలో పై అరలో ఉంది. నువ్వుల సీసా కడిగి అందులో మెంతులు పోశాను. అమావాస్యలు క్యాలెండరులో కనిపిస్తూనే ఉంటాయి. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ తర్పణం విడవడం లేదు.