తాబేలు ముద్ర

మెట్ల మీద ఠక్ ఠక్ మని చప్పుడైతే చాలు, నా కాళ్ళు వాటంతటవే పరుగుకు సిద్ధమయ్యేవి. చేతికందిన డబ్బానో సీసానో భూతద్దంతో కొట్టుకుంటూ బాబాయి వస్తున్నాడన్నమాట. లేబుల్ కనబడితే చదవకుండా ఉండలేడు, చదివితే నమ్మలేడు, నమ్మకపోతే కేసు వెయ్యకుండా నిద్రపోలేడు. అది ఆయన జబ్బు. నేను లాయర్ని కావడం నా ఖర్మ.

కూర్చోమంటే కుర్చీని తిరగేసి అడుగున అంటించిన చీటీ చదివేవాడు. నా రెయిన్‌కోటు మీద ‘చుక్క నీరు దిగదు’ అని ఉందని చెంబుడు నీళ్ళు గుమ్మరించాడు.

“బాబాయ్! తొడుక్కుని ఉన్నాను!”

“తొడుక్కుంటేనే కదరా తెలిసేది. దిగిందా?”

“దిగింది.”

“పద, కేసేద్దాం.”

ఆ రోజు ఒక చేపల డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మూత మీద నీలిరంగు తాబేలు కలగంటున్నట్టు ఈదుతోంది. చుట్టూ చీమల్లాంటి అక్షరాలు: ‘మా వలలో తాబేలు చావదు. సముద్ర రక్షణ సంఘం ఆమోదం.’

“ఆ సంఘం ఆఫీసుకి వెళ్ళొచ్చాను. ఎక్కడుందో చెప్పుకో.”

“ఎక్కడ?”

“చేపల కంపెనీ వెనక గదిలో, చీపుళ్ళ పక్కన. అధ్యక్షుడు ఓనరుగారి బావమరిది. వలలో తాబేళ్ళు పడితే ఏం చేస్తారయ్యా అంటే, ఆ సంగతి మాకు తెలీదన్నాడు!”

కేసు వేశాం. కోర్టులో బాబాయి ఒక్కచోట నిలబడితే ఒట్టు. బంట్రోతు చేతిలోని నీళ్ళ సీసా కూడా లాక్కుని చదివాడు.

“ఈ చేపలు మీరెప్పుడైనా తిన్నారా?” అన్నాడు కంపెనీ లాయరు.

“నేను చేపలు ముట్టను.”

“మరి మీకు జరిగిన మోసమేమిటండీ?”

హాలంతా నవ్వింది. కేసు కొట్టేస్తే ఆ తాబేలు దుకాణాల్లో దర్జాగా ఊరేగుతుంది.

వెనక బెంచీలోంచి పిన్ని లేచింది. ముందు బెంచీని తడిమి పట్టుకుని, జడ్జి ఉన్న వైపు అనుకుని గోడకి దండం పెట్టింది.

“తినేది నేనండీ. తాబేళ్ళంటే నాకు ప్రాణం. చూపు ఆనదు. తాబేలు చావలేదు కదా అని రోజూ ఆయన్నే అడుగుతాను. భూతద్దం పెట్టి చూసి, చావలేదు అని చదివితేనే ముద్ద నోట్లో పెడతాను.”

బాబాయి ఏమీ చదవకుండా నిలబడటం నేను మొదటిసారి చూశాను.

ముద్ర తీసెయ్యమని తీర్పొచ్చింది. బయట, బాబాయి పిన్ని చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతున్నాడు.

“తాబేలు కోసం ఇంత పరుగేమిటి బాబాయ్?”

పిన్నిని ఓరగా చూసి గొంతు తగ్గించాడు.

“తాబేలు కోసం కాదురా. అబద్ధం ఆ కంపెనీవాడిదే, కానీ మీ పిన్ని విన్నది నా గొంతులో. ఆవిడకి చెప్పడానికి నా సొంత అబద్ధాలే బోలెడున్నాయి, మధ్యలో వాడివెందుకు?”